శుక్రవారం పన్నెండు లోపల

జిల్లా సీనియర్ అసిస్టెంట్ల సీనియారిటీ జాబితా గురువారం తపాలాలో వచ్చింది. 1983 ఏప్రిల్ ఏడో తేదీ. ఉద్యోగుల కాగితాలు చూసే గుమాస్తా దివాకర్ దాన్ని నోటీసు బోర్డుకు గుండుసూదులతో గుచ్చేసరికి తాలూకా ఆఫీసులో ఎవరూ సీట్లలో లేరు.

శ్రీరంగప్ప అందరికన్నా చివర లేచాడు. తన పేరు ఎక్కడుంటుందో ఆయనకు తెలుసు. ఏ జాబితా వచ్చినా ఆయన పేరు కిందే శేషయ్య పేరు ఉండేది. ఇద్దరూ ఒకే రోజు, 1952 అక్టోబరు ఇరవై నాలుగున, కరువు పనుల కోసం ఇదే ఆఫీసులో గుమాస్తాలుగా చేరారు. తేదీ ఒకటే కాబట్టి వయసులో పెద్దవాడు పైన. శ్రీరంగప్ప మూడు నెలలు పెద్ద.

ఇప్పుడు పదిహేడో వరసలో శేషయ్య పేరు ఉంది. పద్దెనిమిదిలో శ్రీరంగప్ప.

వేరే ఏడాదైతే ఎవరూ పట్టించుకోకపోదురు. ఫిబ్రవరిలో సర్కారు రిటైరుమెంటు వయసును యాభై ఎనిమిది నుంచి యాభై ఐదుకు దించింది. జిల్లాలో పెద్దవాళ్లంతా ఒక్కసారిగా ఇంటికి పోయారు. డిప్యూటీ తాసిల్దారు ఖాళీలు పదిహేడు తేలాయి. జూలై వస్తే శ్రీరంగప్పకు యాభై ఐదు నిండుతాయి. ఆలోపల ప్రమోషన్ వస్తే డిప్యూటీ తాసిల్దారుగా దిగిపోతాడు. రాకపోతే ఇప్పుడున్న సీనియర్ అసిస్టెంటుగానే ఇంటికి పోతాడు. ఆయనకు ఇంకో జాబితా లేదు.

"ఇదేంది దివాకరా?"

"అభ్యంతరముంటే పదిహేను దినాల్లో రాసియ్యల్ల సార్. ఇరవై రెండో తారీకు పన్నెండుకు అన్నీ కట్టగట్టి సీలేస్తా. పన్నెండున్నర బస్సుకు అనంతపురం పోతాయి."

"నేనడిగింది అది గాదు. నన్నెందుకు కిందికి దించినారని అడుగుతాండా."

"ఈసారి సర్వీసు రిజిస్టర్లు తీసి చూసినారంట సార్. శేషయ్య సార్ ఫోర్‌నూన్ చేరినాడు, మీరు ఆఫ్టర్‌నూన్ చేరినారు. అదే తేడా."

"ఇద్దరం ఒకటే బస్సు దిగినాం గదప్పా!"

"బస్సు సంగతి రిజిస్టర్లో ఉండదు సార్."

ఎవరో నవ్వారు. శ్రీరంగప్ప తన సీటుకు వచ్చి కూర్చున్నాడు. సర్వీసు రిజిస్టరును ఏడాదికోసారి ఉద్యోగికి చూపించాలి, ఉద్యోగి చదువుకుని సంతకం చేయాలి. ఆయన ముప్పై సంతకాలు చేశాడు. సంతకం పెట్టాల్సిన పేజీ తెరిచి ముందు పెట్టేవాళ్లు, అక్కడ పెట్టేవాడు. మొదటి పేజీ ఎప్పుడూ తిప్పి చూడలేదు. ఆఫీసులో ఎవరూ చూడరు.

ఇంకో సంగతి గుర్తొచ్చింది. 1971లో శేషయ్య పద్నాలుగు నెలలు ఇప్పుడు దివాకర్ ఉన్న ఎస్టాబ్లిష్‌మెంటు సీటులో ఉన్నాడు. రిజిస్టర్ల బీరువా తాళంచెవి అప్పుడు ఆయన దగ్గరే ఉండేది.

మధ్యాహ్నం భోజనానికి ఇద్దరూ వెనక వరండాలో సిమెంటు బల్ల మీద కూర్చుంటారు. సంగటి శ్రీరంగప్పది, నంజుకునే చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి శేషయ్యది. శేషయ్యది కదిరిలో అంగడి పెట్టుకున్న కుటుంబం, ఆ ఇంట్లో చెనిక్కాయలకు ఏ కరువులోనూ కొదవ లేదు. ఆ రోజు శ్రీరంగప్ప గిన్నె మూత తీయలేదు.

"ఏమప్పా, తినవా?"

"ఆకలి ల్యా."

"జాబితా చూసినట్టుండావే."

"చూసినా. నువ్వు నాకన్నా ముందే చూసింటావు."

శేషయ్య ముద్ద చేతిలోనే పట్టుకుని ఆగాడు. "అంటే?"

"ఏమీల్యా. తిను."

మర్నాడు దివాకర్‌ను అడిగి రిజిస్టరు తీయించుకున్నాడు. మొదటి పేజీలో పేరు, తండ్రి పేరు, చేరిన తేదీ నల్ల సిరాతో ఉన్నాయి. తేదీ పక్కన ఆఫ్టర్‌నూన్ అన్న మాట నీలం సిరాతో ఉంది. శ్రీరంగప్ప ఆ పేజీని కిటికీ దగ్గరకు పట్టుకుపోయి చూశాడు. మళ్లీ బల్ల దగ్గరకు తెచ్చి చూశాడు. ఎలా చూసినా సిరాలు రెండు.

అప్పటి నుంచి శేషయ్య ఏం చేసినా అందులో ఏదో కనబడింది. దివాకర్‌తో మాట్లాడితే గొంతు ఎందుకు తగ్గించాడు? 1971లో ఒక ఆదివారం ఆఫీసుకు వచ్చాడట, ఏం పని? పోయిన దసరాకు ఇంటికి పిలిచి బట్టలు పెట్టాడు, ఏ ఏడాదీ లేనిది, ఆ ఏడాది ఎందుకు?

పక్క సీటు ఓబుళేసు దారి చెప్పాడు. ఓబుళేసు జూనియర్ అసిస్టెంటు, యూనియన్‌లో తిరుగుతాడు.

"దిద్దినాడని రాయన్నా."

"రుజువు?"

"రుజువు నీకెందుకు? ఎంక్వైరీ పడితే చాలు. ఎంక్వైరీలో ఉండేవానికి ప్రమోషన్ ఇయ్యరు. అది తేలేలోపల ఆయప్పకు యాభై ఐదు దాటిపోతాది. పదిహేడో చోటు ఖాళీ. పద్దెనిమిది ఎవరు?" ఓబుళేసు లేచి చేతులు కట్టుకున్నాడు. "డిప్యూటీ తాసిల్దారు దొరా, తమరు ఈ పేదవానికి ఒక టీ చెప్పల్ల."

శ్రీరంగప్ప టీ చెప్పాడు. అర్జీ మూడుసార్లు రాశాడు. మొదటిసారి 'సందేహము కలుగుచున్నది' అని రాశాడు. రెండోసారి 'దిద్దినట్లు తోచుచున్నది' అన్నాడు. మూడోసారి 'శ్రీ శేషయ్య తన అధీనంలో ఉన్న రిజిస్టరును దిద్దినట్లు స్పష్టముగా కనబడుచున్నది' అని రాసి సంతకం చేశాడు. పద్దెనిమిదో తేదీ, సోమవారం, దివాకర్‌కు ఇచ్చాడు.

సాయంత్రానికి శేషయ్యకు తెలిసింది. ఆయన వచ్చి శ్రీరంగప్ప బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోలేదు.

"దిద్దినానని రాసినావంట."

"రాసినా."

"రిజిస్టర్లు తీసి చూడండని ఫిబ్రవరిలో అర్జీ పెట్టింది నేనే. అది నిజం. దిద్దింది నేను గాదు."

"ముప్పై ఏండ్లు ఊరికే ఉండి ఇప్పుడెందుకు పెడితివి?"

"ముప్పై ఏండ్లు నీ కింద ఉంటే నాకేం పోయింది? ఇప్పుడు పోతాది కాబట్టి పెట్టినా. నాకూ అక్టోబరులో నిండుతాయి."

"నాతో ఒక్క మాట చెప్పలేదే."

"చెప్తే పెట్టనిస్తావా?" శేషయ్య వెనక్కి తిరిగి, మళ్లీ ఆగాడు. "ఆ దినం పొద్దున నువ్వు యాడ కూర్చోనింటివో గుర్తు చేసుకో."

ఇందులో ఏం ఎత్తు ఉందని శ్రీరంగప్ప మూడు రోజులు ఆలోచించాడు. ఎవరైనా సాక్షిని తయారు చేసుకున్నాడా? ఆ రోజు ఆఫీసులో ఉన్నవాళ్లలో ఇంకా బతికున్నదెవరు? వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఒక్కరూ లేరు. అయినా నమ్మకం కుదరలేదు.

గురువారం ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేసరికి తల్లి చెన్నమ్మ గడప దగ్గర కూర్చుని చేటలో కొర్రలు ఏరుతోంది. ఆమెకు ఎనభై దాటాయి. నిన్న ఏం తిన్నదో చెప్పలేకపోయినా ధర్మవరంలో తాము నేసిన చీరల అంచులు ఇప్పటికీ చెబుతుంది.

"అమ్మా, నేను ఉద్యోగంలో చేరిన దినం గుర్తుండాదా?"

"ఎందుకుండదు? గంజి కరువు. శుక్రారం."

"పొద్దున నేను యాడ కూర్చోనింటి?"

"గంజి కొట్టంలో. ఆఫీసుకు ఎదురుగా పెద్ద కొట్టమేసి గంజి పోస్తాండ్రి గదా, ఆడ." చెన్నమ్మ చేట కింద పెట్టింది. "శుక్రారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. ఆఫీసు తెరిచేదే పదిన్నరకు. మొదటి కొలువు, రాహుకాలంలో గడప తొక్కొద్దని మీ నాయన నీ చెయ్యి పట్టుకోని కూర్చోబెట్టినాడు. ఆ అంగడాయన కొడుకు రారా, తాసిల్దారు క్యాంపుకు పోతాడు, రారా అని పిలిచి పిలిచి పోయినాడంట. నువ్వు గంజి తాగతా కూర్చోనింటివి."

శ్రీరంగప్ప ఆమె పక్కనే గడప మీద కూర్చున్నాడు.

"ఇంటికొచ్చి మీ నాయన ఏమన్న్యాడో తెలుసునా?" చెన్నమ్మ నవ్వింది. "ఆ పిల్లోడు రాహుకాలంలో చేరినాడే, ఇంక వాడు పైకి రాడు అన్న్యాడు."

గంజిలో ఉప్పు లేకపోవడం అప్పుడు గుర్తొచ్చింది. సత్తు గ్లాసు వేడికి పట్టుకోలేక పంచె అంచుతో పట్టుకున్నాడు. నాయన ఆఫీసు గోడ గడియారం కనబడేలా కొట్టం అంచున నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుగా ఎవరడిగినా ఇద్దరం ఒకే బస్సు దిగినాం అని చెబుతూ వచ్చాడు. దిగింది నిజమే.

అయినా తల్లి మాట మీద కూడా ఆయనకు అనుమానం వచ్చింది. ఎనభై ఏళ్ల మనిషి. శేషయ్య ఇంటికి వచ్చి ఏమైనా చెప్పి పోయాడేమో. అడిగాడు. ఎవరూ రాలేదంది.

శుక్రవారం పదిన్నరకు, చేరిన రోజు తను రాసిచ్చిన కాగితం కోసం నేరుగా రికార్డు గదికి వెళ్లాడు. అటెండరు తిప్పన్న గళ్ల తువ్వాలుతో దుమ్ము దులిపాడు.

"యాభై రెండా సామీ? చెదలు తినకుంటే నీ అదృష్టం."

చెదలు అట్ట తిన్నాయి కానీ లోపలికి పోలేదు. కరువు పనుల కాగితాల కట్టలో పదకొండో కాగితం శ్రీరంగప్పది. తన రాతే. నీలం సిరా. ఈ రోజు పన్నెండు గంటల పది నిమిషాలకు విధుల్లో చేరినట్టు ఇంగ్లీషులో రాసి ఉంది. కింద అప్పటి హెడ్ గుమాస్తా పొడి సంతకం, పక్కన ఆఫ్టర్‌నూన్ అన్న మాట, అదీ నీలమే. రిజిస్టర్లో ఉన్నదీ ఆ హెడ్ గుమాస్తా రాతే. పేర్లూ తేదీలూ పొద్దునే నల్ల సిరాతో రాసిపెట్టుకుని, వేళ మాత్రం మనిషి వచ్చాక వేసినట్టున్నాడు.

"దొరికిందా సామీ?"

శ్రీరంగప్ప కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"దొరకలేదని చెప్పమంటే దొరకలేదని చెప్తా," అన్నాడు తిప్పన్న తువ్వాలు మడుస్తూ.

ఆ మాట తనకోసం అన్నాడా, ఎవరైనా తనను పరీక్షించమన్నారా? తిప్పన్న ముఖంలో ఏమీ తెలియలేదు. కట్టను మళ్లీ కట్టేస్తే దాన్ని ఎవరూ విప్పరు. ఎంక్వైరీ అధికారి ఎప్పుడో విప్పినా అప్పటికి ఇద్దరూ దిగిపోయి ఉంటారు, ఒకరు డిప్యూటీ తాసిల్దారుగా, ఒకరు దిద్దినవాడుగా. తను రాసిన మూడో చిత్తు గుర్తొచ్చింది. స్పష్టముగా కనబడుచున్నది. ఇప్పుడు నిజంగానే స్పష్టంగా కనబడుతోంది.

గడియారం పదకొండూ ఇరవై.

దివాకర్ అప్పటికే లక్క కరిగిస్తున్నాడు.

"నా అర్జీ వాపసు తీసుకుంటాండా. కాగితమియ్యి."

దివాకర్ గడియారం వైపు చూశాడు. "సార్, మీరు రాహుకాలం చూస్తారు గదా. పన్నెండు దాటనియ్యండి."

"పన్నెండు దాటితే నువ్వు సీలేస్తావు."

నిలబడే రాశాడు. దిద్దారన్న మాట తప్పని, రిజిస్టర్లో ఉన్నదే సరైనదని, రుజువుగా తన చేరిక కాగితం జతపరిచానని. నాలుగు వాక్యాలు. దివాకర్ ముద్ర వేసి వేళ అడిగాడు.

"పదకొండూ నలభై," అన్నాడు శ్రీరంగప్ప. "ఫోర్‌నూన్."

సీటుకు రాగానే ఓబుళేసు వంగి మెల్లగా అడిగాడు. "ఏమన్నా, ఆయప్ప నీతో ఎంతకు మాట్లాడుకున్న్యాడు?"

"ఏమీ మాట్లాడుకోలే."

"సరేలే, నాకు చెప్పే పన్లేదు." ఓబుళేసు నవ్వి కుర్చీని అవతలికి జరుపుకున్నాడు. ఎదురు సీటువాళ్లు కూడా అదే నవ్వుతో చూశారు. పన్నెండున్నర బస్సు హారన్ వినబడింది.

ఒంటిగంటకు శ్రీరంగప్ప వెనక వరండాకు వెళ్లాడు. శేషయ్య బల్ల మీద ఒక్కడే ఉన్నాడు. ఊరిబిండి గిన్నె ఎప్పటిలా మధ్యలో లేదు, ఆయన మోకాలి పక్కన ఉంది.

"వాపసు తీసుకున్న్యావంట."

"గంజి కొట్టం గుర్తొచ్చింది. కాగితం కూడా దొరికింది."

"దొరికితే పెట్టినావా? చింపలేదా?"

"పెట్టినా."

శేషయ్య ఆయన ముఖంలోకి చూశాడు. "నేరుగా అనంతపురానికి ఇంకోటేమన్నా రాసినావా?"

"లేదప్పా."

శేషయ్య తల ఊపాడు. గిన్నె మూత పెట్టాడు. చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లాడు. కిటికీలోంచి ఆయన దివాకర్ బల్ల దగ్గర నిలబడటం కనబడింది. ఆ వారం బయటికి పోయిన తపాలాల పుస్తకం అడిగి తీసుకుని, వేలు పెట్టి ఒక్కో వరసా కిందికి చదువుతున్నాడు.

శ్రీరంగప్ప సంగటి ఉత్తదే తిన్నాడు.