ఈపాటికి తీసి ఉండాల్సిన పసుపు

రామకిష్టయ్య సేటు ఔననడు, కాదనడు. "చూద్దాం తియ్" అంటాడు. ఆర్మూర్ పసుపు బేరాల్లో ఆ మాటకు ఎంత విలువుందో గానీ, కోడలు విద్యావతికి మాత్రం అది వింటేనే ఒళ్లు మండేది. మెట్రిక్ పాసై కాపురానికొచ్చిన కొత్తలో, ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్తానని అడిగింది. మామ చూద్దామన్నాడు. మూడేళ్లయింది, మహానుభావుడు ఇంకా చూస్తూనే ఉన్నాడు! మొగుడు కిషన్‌ను కదిలిస్తే, "బాపు ఊ అంటే నాకేం ఫికర్ లేదు" అని తప్పుకునేవాడు.

ఆ వారం బడి పెద్ద టీచరు కమలాబాయి కబురు పంపింది. సోమవారం వచ్చి తొమ్మిదో తరగతికి ఒక పాఠం చెప్పాలి. బాగా చెప్తే కొలువు విద్యావతిదే. రాకపోతే నిజామాబాద్ నుంచి ఇంకొకామె వస్తుంది.

పాఠం కూడా ఆమే చెప్పి పంపింది. బయల్దేరే వేళ మించిపోతుంటే ఇంగ్లీషువాళ్లు "ఇట్ ఈజ్ టైమ్ వియ్ లెఫ్ట్" అంటారు. ఇంకా గడప దాటనేలేదు, వెళ్లిపోయినట్టు చెప్పడమేమిటని పిల్లలు తికమకపడుతున్నారట. విద్యావతికి అర్థం తెలుసు. పిల్లల బుర్రకెక్కేలా చెప్పడమే చేతకావడం లేదు.

ఆదివారం వాళ్ల చేనులో పసుపు ఉడుకుతోంది. విద్యావతి పనివాళ్లకు సద్ది తీసుకుని వెళ్లింది, సంచిలో పుస్తకం కూడా పెట్టుకుని. ఆ ఇంట్లో ఒక రివాజు ఉంది. కడాయిలో పసుపు ఉడికిందా లేదా అని పుల్ల గుచ్చి చూసేది సేటు ఒక్కడే. ఆయన "తీయుండ్రి" అనేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఆ రోజు ఆయన్ను మార్కెట్‌లో ఎవరో ఆపేశారు.

ఇరవై ఏళ్లుగా పసుపు ఉడకబెడుతున్న ముత్తెన్న పొయ్యి చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. నురగ పైకి పొంగింది. వాసన మారింది, అంటే ఉడికినట్టే; ఇంకా ఉంచితే పాడైపోతుంది.

"ఏమైంది ముత్తెన్నా?" అంది విద్యావతి.

"ఏం జెప్పాలె చిన్నమ్మా! గీపాటికి తీసి ఉండాలె. సేటు ఇంక రాకపాయె."

విద్యావతి పకపకా నవ్వింది. ఇంగ్లీషువాళ్ల లెఫ్ట్ లాగే, ఇంకా తీయకపోయినా తీసినట్టే పలికాడు, ఆలస్యమంతా ఆ మాటలోనే ఉంది. వారం రోజులు తల బద్దలుకొట్టుకున్నది ఈయన ఒక్క ముక్కలో తేల్చేశాడు! రేపు పిల్లలకు ఇదే చెప్తే చాలు.

కానీ నవ్వు ఆగగానే చూస్తే, ముత్తెన్న చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆమెకు కోపం ముంచుకొచ్చింది.

"తీసి ఉండాలె అనుకుంట నిలబడితే ఎట్ల? తీయ్!"

"అమ్మో! సేటు నన్ను బతకనిస్తడా?"

విద్యావతి పైట చెంగు నడుముకు బిగించింది. కర్రతో ఒక కొమ్మును బయటకు లాగి పుల్ల గుచ్చింది. సర్రున దిగిపోయింది.

"తీయుండ్రి! నేను తీయమన్ననని చెప్పుండ్రి."

ముత్తెన్న ఒక్క క్షణం ఆమె మొహం చూశాడు. తర్వాత నీళ్లు జారిపోయే జాలిగంపలు అందుకున్నాడు. సగం కడాయి ఖాళీ అయ్యేసరికి సేటు రానే వచ్చాడు.

"ఎవడు తీయమన్నడు?"

"నేనే మామయ్యా."

రామకిష్టయ్య కళ్లు ఎర్రబడ్డాయి. కుప్పలోంచి ఒక కొమ్ము తీసి విరిచాడు. ఇంకోటి విరిచాడు. మూడోదీ విరిచాడు. అన్నీ లోపలిదాకా ఒకే రంగు. వంక పెట్టడానికేం దొరకలేదు.

"నేనొచ్చేదాక ఆగకపోతివి?"

"ఆగితే పసుపు పాడైతుండె." ఆమె చేతిలోని పుల్లను పొయ్యిలో పడేసింది. "రేపు బడికి పోతున్న మామయ్యా. అడుగుతలేను, చెప్తున్న."

"నేనెప్పుడన్న వద్దన్ననా బిడ్డా?"

"వద్దనలేదు. చూద్దామన్నరు. గా మాట మీదనే మూడేండ్లు ఉడికిన. ఇంక జర సేపైతే నేను గూడ దేనికీ పనికి రాకుండ పోత."

పనివాళ్లు గంపలు పట్టుకుని ఎక్కడివాళ్లక్కడే ఆగిపోయారు. రామకిష్టయ్య చేతిలోని విరిగిన ముక్కలు కుప్పలో పడేసి, పసుపంటిన వేళ్లను చాలాసేపు ధోవతికి తుడుచుకున్నాడు. ఆమెకు జాలేసింది, కానీ ఒక్క మాటా వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

"బడి ఎన్ని గంటలకు?" అన్నాడు చివరికి.

"పది కొట్టంగ."

"గట్లయితే తొమ్మిదింటికల్ల బువ్వ కావాలె. ఇంట్ల గంత జల్ది పొయ్యి రాజెయ్యరు. మీ అత్తకు నేను జెప్త."

విద్యావతికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన చూడకుండా తుడుచుకుని, ముత్తెన్నతో పాటు గంపకు చెయ్యి వేసింది.