చేతికి అంటిన జింకు

"ఇంట్లో అంట్లు చాలలేదా, ఊళ్ళోవాళ్ళ గాజుగిన్నెలు తోమడానికి పోతున్నావు?" అని మొగుడు నవ్వినప్పుడల్లా ఆమె కూడా నవ్వేసేది. నవ్వకపోతే మాట పెరుగుతుంది. మిశ్రలోహాల్లో ఏ కల్తీ ఎంతుందో చూసే ల్యాబులో, బీకర్లు కడిగి, లోహపు పొట్టును ఆమ్లంలో కరిగించి యంత్రానికి అందించడం ఆమె పని. చదువు మధ్యలో ఆగిపోయినదానికి, ఆ తెల్లకోటు తొడుక్కున్న కాసేపూ పోయినదేదో దొరికినట్టుండేది.

ఆ వారం, లోహమే వెయ్యని ఉత్త ఆమ్లంలో కూడా యంత్రం జింకు చూపించింది. అందులో ఏమీ ఉండకూడదు. ఉంటే మిగతా ఫలితాలన్నీ నీళ్ళపాలే. ఆమ్లం మార్చారు, సీసాలు మార్చారు. చివరికి కెమిస్టు మేడం ఆమె వేళ్ళు పట్టుకుని చూసింది.

"పిల్లదానికేమైనా రాస్తున్నావా అమ్మా?"

"పాపకి తొడలు ఒరుసుకుపోయాయి మేడం. ఆ తెల్ల మందు..."

"అందులో ఉండేది జింకే. ఎంత కడిగినా ఓ పట్టాన వదలదు. నువ్వు తొడుక్కునేటప్పుడు గ్లౌజులకీ అంటుతోంది. పొద్దున పిల్లని ముట్టుకోకుండా రాగలవా? లేదంటే ఇంకొకర్ని చూసుకోవాలి, ఏమనుకోకు."

ఇంట్లో చెబితే అత్తగారు మోకాళ్ళు పట్టుకుంది. "నేను వంగలేను తల్లీ. కన్నదానివి నువ్వు."

"మానెయ్యమని దేవుడే చెబుతున్నాడు," అన్నాడు మొగుడు.

ఈ చేతులు అందరి అన్నానికీ, అందరి బట్టలకీ పనికొచ్చాయి. అప్పుడెవరికీ ఏ మరకా కనబడలేదు. మానేస్తే ఇక తనకంటూ ఏం మిగులుతుంది? మానకపోతే తనదీ ఒక తల్లి బతుకేనా?

తెల్లారి బిడ్డ ఏడుస్తుంటే ఆమె మందు ట్యూబు మొగుడి చేతిలో పెట్టింది.

"మీరు రాయండి."

"నాకు ఆఫీసుంది."

"నాకూ ఉంది."

బిడ్డ రెండు చేతులూ చాచింది. ఆమె తన చేతులు వెనక్కి కట్టుకుంది. అతను గొణుగుతూ మూత తీశాడు. ఎంత రాయాలో తెలియక వేలు గాల్లోనే ఆగింది. 'మెల్లగా, మండుతుంది దానికి' అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసి గడప దాటింది. ఏడుపు వీధి మలుపుదాకా వెంటవచ్చింది.

మధ్యాహ్నం మేడం ఆమె భుజం తట్టింది. "శుభ్రం! ఈసారి ఏమీ లేదు."

ఆమె చేతుల మీద బిడ్డ జాడ రవ్వంత కూడా లేదని యంత్రం తేల్చేసింది.