పొంగని వాయి

గొడ్డు కొవ్వు పొగలు కక్కేదాకా ఎనిడ్ హోల్‌రాయిడ్ జారుపిండి గిన్నె ముట్టుకోదు. గుంటల రేకును ఓవెన్‌లోంచి బయటికి లాగి, ఒక గుంటలో చుక్క పిండి వేసి, అది చుయ్యిమంటేనే మిగతాది పోస్తుంది. ఆ ఆదివారం కూడా చుయ్యిమంది. గబగబా గుంటలన్నీ నింపి, రేకును లోపలికి తోసి, తలుపు మూసి, దాని ముందు నడుం మీద చేతులు పెట్టుకుని కాపలాకు నిలబడింది.

పొట్టి మనిషి. ముంజేతుల నిండా వేడి కొవ్వు చిందిన మచ్చలు, సెగకు ఎప్పుడూ ఎర్రగా ఉండే బుగ్గలు, తెల్ల టోపీ కింద అణిచిపెట్టిన నెరిసిన జుట్టు. వయసులో ఉన్నప్పుడు ఉన్ని మిల్లులో నూలు వడికింది. మిల్లు మూతపడ్డాక ఈ కొండమీది పబ్బు వంటింట్లో చేరింది. వారమంతా బంగాళాదుంపల చెక్కు తీసే మనిషే గానీ, ఆదివారం మాత్రం ఆమె మాటకు తిరుగులేదు. గుడ్లూ పాలూ కలిపిన ఆ జారుపిండి సెగకు బూరెలా ఉబ్బితేనే పుడ్డింగు, తీపి లేని కరకర వంటకం. అది పొంగే వేళ ఓవెన్ తలుపు తీస్తే చల్లగాలి తగిలి చతికిలబడుతుంది. అందుకే ఆ తలుపు మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వదు. యజమానురాలు మోరీన్ అయినా గుమ్మం దగ్గర ఆగాల్సిందే.

"ఎలా ఉన్నాయి తల్లీ, పొంగుతున్నాయా?" అంది మోరీన్ ఆ గుమ్మంలోంచే.

"తలుపు తీసి చూడమంటావా ఏం?"

"బాబోయ్, వద్దు! మీ ఆయన వచ్చే వేళయిందని గుర్తు చేద్దామని వచ్చాను. ఈమధ్య భలే సన్నబడ్డాడు సుమా! మెడకు ఆ నీలం మఫ్లరొకటి. ఎవరి కోసమో ఈ సోకంతా!"

"సోకా? పెళ్లినాడే గడ్డం సరిగ్గా గీసుకోలేదు ఆ మనిషి," అని ఎనిడ్ నవ్వేసింది.

నవ్వింది గానీ ముల్లు గుచ్చుకోనే గుచ్చుకుంది. అది కొత్త ముల్లేమీ కాదు. మొగుడు ఆర్నల్డ్ తన నడుం బెల్టుకు మేకుతో కొత్త బెజ్జాలు పొడుచుకున్నప్పుడే అది లోపల దిగింది. గురువారం వస్తే చాలు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని లీడ్స్ బస్సెక్కుతాడు. ఎందుకంటే, మిల్లులో పనిచేసిన పాత స్నేహితుణ్ణి చూడడానికట. మాట్లాడితే గుసగుస. అదేమంటే జలుబు. మఫ్లరు ఇంట్లో కూడా తియ్యడు. బజార్లో కొన్నానన్నాడు, కానీ అది చేత్తో అల్లింది. జన్మంతా ఉన్నితో బతికిన ఎనిడ్‌కు ఆపాటి తెలియదా?

ఇవన్నీ ఒక ఎత్తు, ఆదివారం పళ్లెం ఒక ఎత్తు. మా కొండల్లో ఆదివారం నాడు మాంసం కంటే ముందు పుడ్డింగు తినాలి, వేడివేడిగా, గ్రేవీ పోసుకుని. ఎనిడ్ పబ్బు పని వదలదు, ఆర్నల్డ్ ఆ ఆచారం వదలడు. అందుకని మధ్యాహ్నం పబ్బు వెనక గుమ్మానికి పళ్లెం పట్టుకుని వచ్చి, మొదటి వాయి పుడ్డింగు తీసుకుని ఇంటికి పోయి తింటాడు. ఎనిడ్ పని ముగించుకుని వెళ్లాక ఇద్దరూ కలిసి మాంసం తింటారు. ఎనిడ్ పబ్బులో చేరిన దగ్గరనుంచీ ఆ పళ్లెం గ్రేవీ మరకలు ఎండిపోయి తొట్లో పడి ఉండేది. ఇప్పుడో? కడిగి, తుడిచి, బోర్లించి ఉంటోంది. మాంసం వడ్డించబోతే, "నా కడుపు నిండిపోయిందే," అంటున్నాడు. ఆర్నల్డ్ చెయ్యి పళ్లెం కడగడం ఎవరైనా చూశారా? అది ఆడదాని చెయ్యి. ఆ ఆడది ఎవరో కూడా ఎనిడ్ ఎప్పుడో తేల్చేసింది. పక్కింటి విధవరాలు మర్టిల్. సాయంత్రమైతే అల్లికసూదులు పట్టుకుని కిటికీ దగ్గర కూచునేది ఆవిడే కదా!

మర్టిల్ చేసిన పుడ్డింగు ఎనిడ్ ఒకసారి చర్చి విందులో తింది. చెప్పు అడుగుకు అతికించుకుంటే ఒక చలికాలమంతా అరక్కుండా వస్తుంది. మొగుడు ఇంకొకత్తెతో నవ్వితే సర్దుకుపోయిన ఆడవాళ్లు మా వీధిలో ఉన్నారు. ఇంకొకత్తె పుడ్డింగు తిన్నవాణ్ణి క్షమించిన ఇల్లాలు మాత్రం నాకు తెలిసి లేదు.

వెనక గుమ్మం కిర్రుమంది. ఆర్నల్డ్ వంగి లోపలికి వచ్చాడు. ఉన్ని బేళ్లు మోసిన మనిషి, ఎముకలన్నీ పెద్దవే. కోటు మాత్రం ఎవరిదో ఎరువు తెచ్చుకున్నట్టు వేలాడుతోంది.

"పొంగాయా పిల్లా?" అన్నాడు బొంగురుగా.

"ఎప్పుడు పొంగలేదు గనక!" ఎనిడ్ రేకు బయటికి లాగి, అన్నిటికంటే పెద్దది ఏరి పళ్లెంలో పెట్టింది. "ఈ ఒక్కరోజు ఇక్కడే కూచుని తినరాదూ? వేడిగా ఉంది."

ఆర్నల్డ్ ఆమె మొహం వైపు చూడలేదు. "ఇంటి దగ్గరైతే తాపీగా తింటా. గ్రేవీ కొంచెం ఎక్కువ పొయ్యి."

గ్రేవీ ఎక్కువ పోసింది. ఇద్దరికి సరిపడా కాబోలు అనుకుంది. అతను పళ్లెం మీద గుడ్డ కప్పి పట్టుకుని వెళ్లగానే రెండో వాయి ఓవెన్‌లో పెట్టి తలుపు మూసింది.

"మోరీన్, నేనిప్పుడే వస్తా. నేనొచ్చేదాకా ఆ తలుపు ముట్టుకున్నావంటే చేతులు విరుస్తా."

లోపల పుడ్డింగు ఉండగా ఎనిడ్ వంటిల్లు వదలడం మోరీన్ అంతవరకూ ఎరగదు.

వెనక సందులో ఆర్నల్డ్ నెమ్మదిగా నడుస్తున్నాడు. సొంత ఇంటి ముందు ఆగకుండా దాటిపోయాడు. మర్టిల్ తలుపు తట్టనైనా తట్టకుండా గడియ తీసుకుని లోపలికి పోయాడు. దొరికావు కదా, అనుకుంది ఎనిడ్. తన అనుమానమే నిజమైనందుకు ఒక్క క్షణం సంతోషంలాంటిది కూడా కలిగింది. బొగ్గుల కొట్టు పక్కన నక్కి, కొద్దిగా తెరిచి ఉన్న వంటింటి కిటికీలోంచి చూసింది.

ఆర్నల్డ్ బల్ల ముందు కూచుని మఫ్లరు విప్పాడు. మెడ కందిపోయి ఉంది. దవడ కిందనుంచి ఊదా సిరాతో గీతలు గీసి ఉన్నాయి. ఆ గీతలు వీధిలో అందరికీ తెలుసు. మర్టిల్ మొగుడు పోయేముందు అతని మెడమీద కూడా అవే ఉండేవి. గొంతులో రాచపుండుకు లీడ్స్ ఆసుపత్రిలో కరెంటు పెట్టడానికి గీసే గీతలవి.

ఎనిడ్ చేసిన పుడ్డింగు కరకర అంచులన్నీ మర్టిల్ కోసి పక్కన పడేసింది. మధ్యలో మెత్తటి భాగాన్ని గ్రేవీతో, పాలతో పిసికి పిసికి గుజ్జు చేసింది. ఆర్నల్డ్ ఒక చెంచాడు నోట్లో పెట్టుకుని, గొంతు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసి మింగాడు. మరో చెంచా ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

"ఇంకా చెప్పలేదా దానికి?" అంది మర్టిల్.

"చెబితే ఇంక వారమంతా జావ కాస్తూ కూచుంటుంది. ఆదివారం మధ్యాహ్నం రేకు బయటికి తీసేటప్పుడు దాని మొహం చూశావా నువ్వు? ఆ మొహం నాకింకా కొన్నాళ్లు కావాలి, మర్టిల్."

ఎనిడ్ లోపలికి వెళ్లలేదు. నిజంగా ఇంకొకత్తె కోసమే అయితే ఎంత బాగుండేది అనిపించింది. ఆ మంట మీద ఇంకో మంట: తనకు చెప్పని మాట మర్టిల్‌కు చెప్పాడు. ముక్కు తుడుచుకుని, పబ్బుకు తిరిగి వెళ్లింది. రెండో వాయి చక్కగా పొంగింది. జనం తిన్నారు, మెచ్చుకున్నారు.

అందరి భోజనాలూ అయ్యాక అడుగున మిగిలిన పిండి చిన్న రేకులో పోసి ఓవెన్‌లో పెట్టింది. అది అంచు దాటి పైకి లేస్తుండగా, వెళ్లి తలుపు బార్లా తెరిచింది.

"అయ్యో, ఏం చేస్తున్నావ్! పడిపోతుంది, తలుపు ముయ్యి!" మోరీన్ పరుగెత్తుకొచ్చింది.

"పడనీ," అంది ఎనిడ్. పుడ్డింగు నిట్టూర్చినట్టు కిందికి దిగి ముద్దగా కూలబడింది. మధ్యలో వేలితో నొక్కి, మెత్తగా ఉందో లేదో చూసి, కాసేపు మగ్గనిచ్చి తీసింది.

ఇంట్లో పళ్లెం కడిగి బోర్లించి ఉంది. ఆర్నల్డ్ నిప్పు దగ్గర కూచుని ఉన్నాడు, మఫ్లరు మెడకే ఉంది. ఎనిడ్ ఆ మెత్తటి ముద్దను పళ్లెంలో పెట్టి, గ్రేవీ పోసి, చెంచాతో మెదిపి అతని ముందు ఉంచింది.

ఆర్నల్డ్ దాన్ని చెంచాతో కదిపి చూశాడు. "ఇది పొంగలేదేం?"

"తలుపు తీశాను."

"నువ్వా?"

"నేనే. మఫ్లరు తీసెయ్, నిప్పు దగ్గర ఉక్కగా ఉంటుంది."

ఆర్నల్డ్ ఆమెకేసి చూశాడు. మెల్లగా మఫ్లరు విప్పి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఎనిడ్ ఊదా గీతల వైపు ఒకసారి చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, చెంచా అతని చేతికిచ్చింది. సగం తిన్నాడు. మిగతా సగం ఆమె తింది, బాగా లేకపోయినా.

ఆ తర్వాత ఆదివారాలన్నీ ఎనిడ్ చివరగా ఒక వాయి పొంగనివ్వకుండా తీసి ఇంటికి తెచ్చేది. కొన్నిసార్లు మర్టిల్ కూడా వచ్చి కూచునేది. మొదట్లో ఎనిడ్ ఆమెతో ముక్తసరిగా మాట్లాడింది, తర్వాత మామూలుగానే మాట్లాడింది. చలి తగ్గేవేళ, ఆదివారం కాని ఒక మామూలు రోజున, ఆర్నల్డ్ నిద్రలో పోయాడు. ఆ తర్వాత వచ్చిన ఆదివారం ఎనిడ్ పబ్బుకు వెళ్లింది, పుడ్డింగులు పొంగాయి, వెనక గుమ్మానికి ఎవరూ రాలేదు.

కోటూ బూట్లూ చర్చివాళ్లకు ఇచ్చేసింది. బెల్టు ఇవ్వలేదు. అది ఇప్పటికీ వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడుతోంది: ఏళ్ల తరబడి ఆదివారం భోజనాలకు సాగిసాగి కోలగా మారిన పాత బెజ్జమొకటి, దానికి బాగా లోపలగా, అంచులింకా గరుకు తీరని కొత్త బెజ్జాలూ.