నొప్పి తెలియని కాలు

భీమమ్మకు ఒక ప్రశ్న పుట్టిందంటే అది తీరేదాకా అన్నం సయించదు. కల్హేర్ నుంచి నారాయణఖేడ్‌కు వచ్చే బస్సులో టికెట్‌కు చిల్లు ఎట్లా పడుతుందో చూడాలని కండక్టరు చేతిలోంచి పంచ్ తీసుకుని తానే నొక్కి చూసింది. అలాంటి మనిషిని ఆపరేషన్ గది బయట కూర్చోబెడితే ఊరుకుంటుందా?

లోపల ఉన్నది నాలుగేళ్ల మనవడు మొగులప్ప. వరిబీజానికి, వాళ్ల మాటలో బుడ్డకు, ఆపరేషన్. బయటికి వచ్చిన నర్సును పట్టుకుని సూది ఎక్కడేసిన్రని అడిగింది.

"వెన్ను కింద, పిర్రల కాడ."

"బుడ్డ ముందుంటే సూది ఎనకకెందుకు?"

నర్సు మందుల గదికేసి పరుగెత్తింది.

మత్తు డాక్టరు ఎలీసబెతు వారానికోసారి జహీరాబాద్ నుంచి వస్తుంది. కాళ్లు కొంతసేపు తిమ్మిరిగా ఉంటాయని, భయపడొద్దని ఆమె పిల్లవాడి తండ్రి బీరప్పకు విడమరిచి చెప్పింది. బీరప్ప బుద్ధిగా తలూపి, పాల కోసమని బజారుకు పోయాడు. తన తల్లి భీమమ్మకు ఒక్క ముక్క చెప్పలేదు. మగవాళ్ల తలూపుడును నమ్ముకుంటే అంతే.

మొగులప్పను మంచం మీదికి తెచ్చారు. కాసేపటికి వాడు పూర్తిగా తెలివిలోకి వచ్చి, తిరిగే ఫ్యానును చూసి నవ్వాడు. కోత పడ్డ పిల్లాడు నవ్వడం భీమమ్మకు వింతగా తోచింది. దుప్పటి తొలగించి వాడి కాలు ఎత్తి వదిలింది. కాలు దబ్బున పడింది. పాదం గిచ్చింది. వాడు ఫ్యానునే చూస్తున్నాడు.

ఆమె ప్రాణం ఉసూరుమంది. వాళ్ల వాడలో చంద్రమ్మ కొడుకు జ్వరానికి సూది వేయించుకున్నాక కాలు చచ్చుపడి, ఇప్పటికీ మోకాలు చేత్తో పట్టుకుని నడుస్తాడు. తన మనవడికీ అదే గతి పట్టిందనుకుంది.

ఆమెకు తెలిసిన మందు కాపడం. ఆసుపత్రి వెనక రోగుల తాలూకు వాళ్లు వంట చేసుకునే పొయ్యిలో ఇటుక పెట్టి, కాగాక గుడ్డలో చుట్టి తెచ్చింది. వేడి ఎంత ఉండాలో ఆమె ఎప్పుడూ చేత్తో చూసుకోదు. పిల్లలు ఏడిస్తే ఎక్కువైనట్టు, ఊరుకుంటే సరిపోయినట్టు. నలుగురు పిల్లలను అట్లాగే పెంచింది.

"కాలుతే చెప్పు కొడుకా," అంటూ ఇటుకను వాడి పాదం దగ్గరికి తెచ్చింది.

"ఏది అవ్వా? నాకు కాలు ఏడున్నదో తెలుస్తలేదు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. గిచ్చితే తెలియనివాడు కాలితే ఏం చెబుతాడు? ఇటుకను వెనక్కి లాక్కుని తన మణికట్టుకు ఆనించింది. చుర్రుమంది. దాన్ని నేల మీద పడేసి, తలుపు తోసుకుని డాక్టరు గదిలోకి పోయింది.

"డాక్టరమ్మా, నా మనవని కాళ్లు ఏం జేసినవ్?"

ఎలీసబెతు కుర్చీ చూపించింది. భీమమ్మ కూర్చోలేదు.

"కాళ్లకేం గాలేదవ్వా. కోసిన కాడి నొప్పి వెన్ను తొవ్వనే పైకి మెదడుకు పోతది. ఆ తొవ్వ కొంచెంసేపు మూసిన. కాళ్ల తొవ్వ గూడ పక్కపొంటే ఉంటది."

"కాలువకు మట్టి అడ్డం కట్టినట్టా?"

"గట్లనే."

"మరి మట్టి ఎప్పుడు కరుగుతది?"

"పొద్దుగూకే లోపల."

భీమమ్మ దుఃఖం ఆగింది గాని అనుమానం ఆగలేదు. పోయి మనవడి కాళ్ల దగ్గర కూర్చుని బొటనవేలు గిచ్చింది. కాసేపయ్యాక మళ్లీ గిచ్చింది. పాలు తెచ్చిన బీరప్ప ఇదేం పని అన్నా వినలేదు.

ఎండ కిటికీ దిగేసరికి కాలు చిన్నగా కదిలింది.

"గిచ్చకే అవ్వా, నొస్తుంది," అన్నాడు మొగులప్ప విసుగ్గా.

ఆమె నమ్మలేక ఇంకోసారి గిచ్చింది. వాడు రాగం తీసి ఏడ్చాడు. భీమమ్మ వాడి పాదాలు రెండూ కళ్లకు అద్దుకుని తానూ ఏడ్చింది.

కళ్లు తుడుచుకుంటుంటే మణికట్టు భగ్గున మండింది. చూస్తే ఇటుక ఆనించిన చోట పెద్ద బొబ్బ లేచి ఉంది. అప్పటిదాకా ఆమెకు ఆ సంగతే తెలియలేదు.