తడిసిన సవరం

“నల్లని జడా, నాగమల్లి జడా, నువ్వారేది యాడా...” ఆ తర్వాతి ముక్క మునిరత్నమ్మకు ఇప్పటికీ గుర్తు రాదు. తిరుపతిలో పొద్దున్నే అరుగు మీద కూర్చోబెట్టుకుని, చిక్కు తీస్తా అమ్మ నాగులమ్మ పాడిన పాట అది.

ఆ పక్కల కొన్ని ఇండ్ల ఆడోళ్ళ వెంట్రుకలు తెగినా మనిషిని మరవవు. మనిషి ఏడిస్తే, యాడున్నా అవి తడుస్తాయి. దువ్వెనకు వచ్చిన వెంట్రుకల్ని నాగులమ్మ చుట్ట చుట్టి గోడసందులో దోపేది. మొగుడు పోయిన ఏడాది ఆ గోడ ఆరనే లేదు. సున్నం కొట్టేవాళ్ళు వచ్చి చూసి, “ఇంకో నెల పోనీలేమ్మా” అని తిరిగిపోయినారు.

పందొమ్మిదొందల నలభై ఆరులో వీధి చివర నాటకాల కంపెనీ దిగింది. పెట్రోమాక్సు వెలుగులో ఆడవేషం కట్టే జయరావును చూసేదానికి మునిరత్నమ్మ రోజూ పోయేది. ఒకనాడు పందిరి వెనక అతను ఆమె జడ పట్టుకుని, “ఇది నా తలనుంటే చిత్తూరు దద్దరిల్లదూ! ఆ ఊర్లో ఆటలు కాంగానే వచ్చి నీకు తాళి కడతా” అన్నాడు.

ఆమె గుండు చేయించుకుంది. జడ అతని చేతిలో పెట్టి, కొండ దిగి వచ్చిన దాని మాదిరి తలకు గంధం పూసుకుని ఇంటికి పోయింది.

“ఏం మొక్కే ఇది?” నాగులమ్మ అదిరిపడింది.

“నీ మోకాళ్ళ నొప్పులు పోవాలనీ...”

నాగులమ్మ ఆ గుండుకు రెండు చేతులెత్తి మొక్కింది. కనపడినోళ్ళకంతా “నా బిడ్డ మొక్కుతో సగం తగ్గిందప్పా” అని చెప్పుకునేది. మునిరత్నమ్మ నేల చూసేది.

రెండు నెలలైనా జయరావు రాలా. అమ్మతో కలిసి చిత్తూరులో పిన్ని చంద్రకాంతమ్మ ఇంటికి పోయినప్పుడు, ముగ్గురూ ఆ కంపెనీ నాటకానికే పోయినారు. ఆట మొదలు కాకముందే మునిరత్నమ్మ తెర వెనక్కి జారుకుంది. జయరావు ఒకామె చేత సవరం అల్లించుకుంటా ఉన్నాడు.

“ఎవురిదయ్యా ఇంత జుట్టు?”

“కొండ మీద కొన్నా. ఏ ముసలిదానిదో.”

ముసుగేసుకుని నిలబడిన మునిరత్నమ్మను చూసి, “ఆడోళ్ళు కూర్చునేది అటుపక్కమ్మా” అన్నాడు. గుర్తే పట్టలా.

ఆమె పోయి అమ్మ పక్కన కూర్చుంది. ఆట సగంలో జయరావు జడ నుంచి బొట్లు రాలినాయి. చీర తడిసింది. మొహం రంగు కారింది.

“జుట్టు గలామె ఏడస్తా ఉన్నట్టుండాది. తీసేయప్పా, పాపం!” అని ఒకడు అరిచినాడు.

“గొడుగు తెప్పించాల్నా?” అన్నాడింకొకడు.

“అక్కా, ఇది మన...” అని చంద్రకాంతమ్మ వంగింది.

“ఊరుకో” అంది నాగులమ్మ. ఆమె జయరావు వైపు చూడలా, కూతురి వైపూ చూడలా. తన మోకాళ్ళనే చూసుకుంటా కూర్చుంది.

ఆట ముగిసినాక నాగులమ్మ తానే పోయి సవరం అడిగి తెచ్చింది. తిరుపతికి తిరిగొచ్చి, మూడో నాడు దాన్ని గుడ్డలో మూట కట్టుకుని, నిజంగానే మొక్కు తీర్చి వస్తానని కొండ మెట్లెక్కింది. మోకాళ్ళ పర్వతం దగ్గర ఆయాసంతో కూర్చున్న మనిషి మళ్ళా లేవలా. మూటను వెనక వచ్చేవాళ్ళెవరో పైకి చేర్చినారు. అది దారి పొడుగునా కారతానే ఉండిందంట.

ఆ పొద్దు మెట్లెక్కే ముందు అలిపిరిలో మునిరత్నమ్మ “నేనూ వస్తానమ్మా” అంటే, నాగులమ్మ అప్పుడప్పుడే మొలుస్తున్న ఆ తలను కొంగుతో కప్పింది.

“నొప్పి తగ్గిందని నేను చెప్పింది గూడా అబద్ధమేలే పాపా. ఈ నీడన కూర్చో, ఎండకు తల మాడుతుంది.”