ఎడారిలో వడ్డన

సూర్యకళ ఎడారి చూడాలని అడిగినప్పుడు చంద్రరావు కాదనలేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడ నోరు తెరిచి అడిగిన ముచ్చట ఇదొక్కటేనని నిడదవోలులో సగం ఊరికి చెప్పుకుని, ఆ పేరు కూడా తనే దక్కించుకున్నాడు. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. రాజస్థాన్‌లోని ఆ ఎడారి నేషనల్ పార్కులో ఒక్క సాయంత్రం, పొద్దు ఇసుకలోకి దిగిపోయేదాకా తను తిన్నె మీద ఊరికే కూర్చుంటుంది. అంతసేపూ ఆవిణ్ణి ఎవరూ దేనికీ పిలవకూడదు. చంద్రరావు అలాగే అన్నాడు. అలాగే అనడానికి ఆయనకెప్పుడూ ఇబ్బంది లేదు.

సొంత కారులో బయల్దేరారు. డ్రైవింగు మరిది హరిబాబుది. అతని భార్య టీచరు, ఆవిడకి సెలవు దొరకలేదు. ఆ మాట విన్నప్పుడే సూర్యకళకి వంట ఎవరి మీద పడుతుందో తెలిసిపోయింది. బట్టల సూట్‌కేసుల కంటే ముందు డిక్కీలోకి రైస్ కుక్కరు, పాత బియ్యం, ఆవకాయ జాడీ, కందిపొడి ఎక్కాయి. అక్కడ తిండి దొరకదా అని ఆవిడ అడిగితే, అక్కడ దొరికేది తిండి కాదని చంద్రరావు తేల్చేశాడు.

జైసల్మేరు చేరాక రోజూ ఒకటే పని. హోటలు గదిలో అందరికంటే ముందు లేచి, వాసన బయటికి పోకుండా తలుపు సందులో తువ్వాలు కుక్కి, అన్నం వండి, పులిహోర కలిపి కారియర్లు సర్దేది. కారు వ్యూ పాయింటు దగ్గర ఆగగానే మగవాళ్ళిద్దరూ వ్యూ వైపు, ఆవిడ డిక్కీ వైపు. అలా ఆ పార్కు చుట్టుపక్కల చూడదగ్గవన్నీ ఆవిడ కారియరు గిన్నెల సందులోంచే చూసింది. అరుదైన బట్టమేక పిట్ట కనబడవచ్చని గైడు చెప్పినచోట దూరంగా గడ్డిలో ఏదో కదిలిందట. సూర్యకళ అప్పుడు మజ్జిగలో ఉప్పు కలుపుతోంది.

చూడ్డానికి వెళ్ళినవాళ్ళు చూసిందీ అంతంతమాత్రమే. హరిబాబు ఫోన్ని కర్రకి తగిలించి వీడియో తీసేవాడు, తీసినదాన్ని అక్కడే నించుని ఫోన్‌లో చూసుకునేవాడు. చంద్రరావు ప్రతి తిన్నె ముందూ నడుం మీద చేతులేసుకుని, అది ఎన్ని లారీల ఇసుకవుతుందో అంచనా కట్టేవాడు. "ట్రాక్టరు ఇసక్కి మనం గోదాట్లో ర్యాంపు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాంరా. ఇక్కడ చూడు, ఎత్తుకుపోయే నాథుడు లేడు" అని తమ్ముడితో వాపోయేవాడు.

ఆఖరి సాయంత్రం వచ్చింది. మర్నాడు తిరుగు ప్రయాణం. పెద్ద తిన్నె కింద ఒక టీ పాక దగ్గర కారు ఆపారు. సూర్యకళ చెప్పులు విప్పి చేత పట్టుకుని, నాలుగడుగులు పైకి వేసిందో లేదో వెనక నుంచి పిలుపు వినబడింది.

"కళా, ఇలా రా. మనవాళ్ళు దొరికారు."

పాకలో ఒకాయన రొట్టె తిని నోరు చచ్చిపోయిందని భార్యతో తెలుగులో గోలపెడుతుంటే చంద్రరావు చెవిన పడింది. ఆయన పేరు ఉదయభాస్కర్, తునిలో బట్టల కొట్టు. భార్య సత్యవాణి. మూడు నిమిషాల్లో పరిచయం, నాలుగో నిమిషానికి భోజనం పిలుపూ అయిపోయాయి. అబ్బే, మేం తినేశామండి అని భాస్కర్ అన్నాడు. తినేశామన్నవాణ్ణి వదిలేస్తే గోదావరి జిల్లా పరువేం కావాలి? హరిబాబు అప్పటికే మడత కుర్చీలు దించుతున్నాడు.

సూర్యకళ పడమటివైపు చూసింది. పొద్దు బాగా వాలింది. ఒక్క సాయంత్రం అన్నారు కదా అని మెల్లిగా గుర్తుచేసింది.

"పొద్దెక్కడికి పోద్దే, మన ఊళ్ళోనూ కుంగుద్ది. తునివాళ్ళు మళ్ళీ దొరుకుతారా ఏంటి?" అన్నాడు చంద్రరావు.

ఆవిడ డిక్కీ తెరిచి, కారియర్లు బల్ల మీద పెట్టి మూతలు తీసింది. తరవాత గరిటె ఆయన చేతిలో పెట్టింది.

"ఏమండీ, నేను వడ్డిస్తే అందులో గొప్పేముంది? ఇంతదూరంలో మీరే మీ చేత్తో వడ్డిస్తే, ఆయన తునిలో పదిమందికి చెప్పుకుంటారు."

"అయ్యో, ఆయనకెందుకండీ శ్రమ" అన్నాడు భాస్కర్. ఆ ఒక్క మాటతో చంద్రరావుకి దారులన్నీ మూసుకుపోయాయి. "శ్రమేంటండి బాబూ, మీరు కూర్చోండి" అంటూ గరిటె ఎత్తాడు.

"మీరు తినేశారన్నారుగా. అలా పైకెళ్ళొద్దాం రండి" అంది సూర్యకళ సత్యవాణితో.

సత్యవాణి ఆకలితో పులిహోర వైపు ఒకసారి చూసి, "ఆయ్, కడుపు నిండుగా ఉందండి" అని లేచింది.

ఇసుక కాళ్ళ కింద జారుతుంటే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎక్కారు. పైన కూర్చునేసరికి ఎండ ఎర్రబడింది. ప్రతి తిన్నెకీ ఒక పక్క వెలుగు, ఒక పక్క చీకటి. గాలి ఇసుక మీద సన్నటి గీతలు గీసుకుంటూ పోతోంది. వేళ్ళు ఇసుకలోకి గుచ్చితే పైన వెచ్చగా, లోపల చల్లగా తగిలింది.

"రోజూ ఇలాంటి చోట్లకే వచ్చామండి. నేను విన్నది మాత్రం రొట్టె బాలేదన్న మాటొక్కటే" అంది సత్యవాణి. సూర్యకళకి నవ్వొచ్చింది.

కింద నుంచి మాటలు గాలికి వస్తూనే ఉన్నాయి. మీరూ కూర్చుంటేగాని ముట్టనని భాస్కర్, అతిథి ముద్దెత్తందే తనెలా కూర్చుంటానని చంద్రరావు. ఇద్దరిలో ఎవరూ తగ్గటం లేదు. ఇంతలో, "కళా, పెరుగెక్కడ పెట్టావ్?" అని కేక. సూర్యకళ వెనక్కి తిరగలేదు. సూర్యుడు అడుగంటా ఇసుకలో దిగిపోయి, ఆ చోట ఎరుపు కూడా చల్లారేదాకా అలాగే కూర్చుంది. పెరుగు కోసం ఇంకో రెండు కేకలు వచ్చాయి.

దిగి వచ్చేసరికి మగవాళ్ళు తింటున్నారు. మూతలు పెట్టాలని ఎవరికీ తోచలేదు, గాలికి పులిహోర నిండా ఇసుక పడింది. భాస్కర్ పళ్ళ కింద ఇసుక కరకరమంటుంటే నమిలి, అమృతంలా ఉందండి అంటున్నాడు. చంద్రరావు మొహమాటపడుతున్నవాడి పళ్ళెంలో ఇంకో గరిటె వేశాడు.

"ఏం చూశారంతసేపు? ఫొటోలేవీ?" అన్నాడు భార్యని చూసి.

"తియ్యలేదండి."

"మరి చూసినట్టు ఎవరికి తెలుద్ది?"

సూర్యకళ డిక్కీలో మిగిలిన కారియరు మూత తీసి, ఇసుక పడని పెరుగన్నం సత్యవాణికి పెట్టింది. ఖాళీ కుర్చీ లాక్కుని, ఒక పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నాకూ వడ్డించండి" అంది.

చంద్రరావు తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు ఫోన్ వైపు చూశాడు. తునివాళ్ళిద్దరూ చంద్రరావు వైపే చూస్తున్నారు. ఆయన గరిటె పట్టుకుని లేచాడు.

"ఆవకాయ ఆ అంచున వెయ్యండి. ఇంకొంచెం" అంది సూర్యకళ.