గంగరాజు మోపెడ్ మీద గడ్డి

గంగరాజు రోజూ ఆరింటికి మోపెడ్ మీద దాణా బస్తాలు కట్టుకుని కె.గంగవరంలో బయల్దేరతాడు. కోటిపల్లి రేవులో పంటు పడవ ఎక్కి గోదావరి దాటి, ముక్తేశ్వరం, అమలాపురం మీదుగా పదింటికి ఉప్పలగుప్తం చేరతాడు.

మోపెడ్ వెనక మడ్‌గార్డు మీద గడ్డి దుబ్బు ఒకటుంది. ఏదో వరదకు పట్టిన ఒండ్రులో మొలిచింది. ఏ ఊరు వస్తే ఆ ఊరి ఆకు వేస్తుంది. కొబ్బరితోటల నీడలో వెడల్పుగా, పల్చగా సాగుతుంది. ఏటి ఒడ్డున లోపల గాలి గదులు ఏర్పడి, నొక్కితే మెత్తగా దిగుతుంది. సముద్రపు గాలి తగిలిందా, సన్నగా చుట్టుకుపోయి, మందం ఎక్కి, పైన ఉప్పురవ్వ చిమ్ముతుంది. కోస్తే పావుగంటలో మళ్లీ ఓ మోపు గడ్డి అవుతుంది. కోసిన ఆకు మాత్రం ఇక మారదు. పంటు మీద టిక్కెట్లు కొట్టే అయ్యప్పకు దానితో ఒకటే పేచీ, ఆడవాళ్ల చీరలకు రాసుకుంటోందని.

ఉప్పలగుప్తంలో సత్యవతి పదకొండేళ్లు రొయ్యల షెడ్డులో ఐసులో చేతులు పెట్టి తలలు తీసింది. వేళ్లు వంగడం మానేశాక పని మాని, కె.గంగవరం రైతు కామేశ్వరరావు దగ్గర గేదెను కొనుక్కుంది. "పది రోజుల్లో మీ మేత తినకపోతే నేనే వచ్చి తోలుకుపోతానండి, మూగజీవాన్ని పస్తు పెట్టలేను" అన్నాడాయన. ఆ ధరకు మరో గేదె దొరకదు. ఇది వెనక్కి పోతే మళ్లీ షెడ్డే.

నాలుగు రోజులైనా గేదె చెరువుగట్టు గడ్డి ముట్టలేదు. కుడితి తాగి మొహం తిప్పేసుకుంది.

"మీ ఊరి గేదెకి ఇంత పొగరేంటండీ, గంగరాజు గారూ?" అంది సత్యవతి, దాణా బస్తా దించుతున్న అతనితో.

"పొగరు కాదండి అక్కగారూ. ఈ గడ్డి నేనైనా తినలేనండి."

"మీరు తినక్కర్లేదు లెండి. అది తింటే చాలు."

సత్యవతి కూతురు శారోన్ అమలాపురంలో డిగ్రీ చదువుతోంది. రెండు ఊళ్ల ఆకుల్నీ బ్లేడుతో పల్చగా కోసి, కాలేజీ మైక్రోస్కోపు కింద చూసి వచ్చింది.

"మీ ఊరి ఆకు లోపలంతా మెత్తగా ఉంది బాబాయ్ గారూ. మా ఊరి ఆకులో ఈనె పక్కన నార గట్టిగా పేరుకుంది, పైతోలు కూడా మందం. ఒక్కసారే నమలమంటే ఎలా నములుద్ది?"

"మరేం చేద్దామంటావమ్మా?"

"మీ మోపెడ్ మీది దుబ్బును రోజుకో ఊరు ఇవతలికి వచ్చి కొయ్యండి."

"ఆయ్" అన్నాడు గంగరాజు.

"చదివిస్తే గేదెకి టైంటేబుల్ వేస్తోంది" అంది తల్లి.

ఐదో రోజు కె.గంగవరంలో కోసిన ఆకును గేదె నిలబడే తినేసింది. ఆరో రోజు కోటిపల్లి ఆకు, ఏడో రోజు ముక్తేశ్వరం ఆకు. ఎనిమిదో రోజు గంగరాజు అమలాపురంలో టీ కొట్టు దగ్గర కబుర్లలో పడి కోయడం మరిచిపోయాడు. గుర్తొచ్చి ఉప్పలగుప్తం పొలిమేరలో కోశాడు. గేదె ఆ మోపును కొమ్ముతో ఎగరేసింది.

"ఒక రోజు తినేసేరు కదండీ!" అంది శారోన్, కళ్లనీళ్లతో.

గంగరాజు మర్నాడు టీ తాగలేదు. అమలాపురం ఆకును గేదె గంటసేపు వాసన చూసి, సగం తింది.

పదో రోజు అతను సత్యవతి గుమ్మం ముందే దుబ్బు కోశాడు. మోపు ఇంకా దించకముందే కామేశ్వరరావు పలుపు భుజాన వేసుకుని వచ్చాడు. చంకలో లేత గడ్డి కట్ట కూడా తెచ్చాడు.

"రెండూ పెట్టండి. అది ఏం తింటుందో చూసి వెళ్తాను" అన్నాడు.

గేదె లేత గడ్డిని మూతితో కదిపింది. ఓ పరక పీకి, నమిలి, కింద పడేసింది. పక్కకు తిరిగి ఉప్పు గడ్డి మీద నాలుక వేసి నాకింది. నాకి నాకి, నమలడం మొదలెట్టింది. దవడల చప్పుడు వీధిలోకి వినిపించింది.

"నా గడ్డిని ఉమ్మేసిందండీ!" అన్నాడు కామేశ్వరరావు. కాసేపు చూసి, ఆ కట్టను పక్కింటి మేకలకు వేసి వెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లారి, కూలీల్ని ఎక్కించుకునే రొయ్యల షెడ్డు వ్యాను వీధి మొగలో ఆగి మూడుసార్లు హారన్ కొట్టింది. సత్యవతి గేదె పొదుగుకి తల ఆనించి, వంగని వేళ్లను చాపి ఉంచి అరచేతుల్తో పాలు పిండుతోంది. లేవలేదు. వ్యాను వెళ్లిపోయింది.